నడుస్తూ బాగుపడే జీపు

పాత జీపును కొన్నవాళ్లు చాలామంది మొదటి నెలలోనే దాన్ని నిలువునా విప్పేస్తారు. బాడీ దించి గోడకు ఆనిస్తారు, ఇంజను పాత టైరు మీద కూర్చుంటుంది, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడతాయి. కొత్త రంగు, కొత్త సీట్లు, కొత్త టైర్లతో బయటికొచ్చే బండి కళ్లముందు ఆడుతుంటుంది. ఆ ఉత్సాహం నిలిచేది కొన్నాళ్లే. ఒక బేరింగు దొరకదు, ఒక భాగం ఎక్కడ బిగించాలో గుర్తురాదు, ఇంట్లో ఖర్చులు ముంచుకొస్తాయి. చివరికి బండి ముక్కలుగా అమ్ముడుపోతుంది, లేదా టార్పాలిన్ కింద పడి ఉంటుంది. ఇది ఓపిక లేక జరిగేది కాదు. పని మొదలుపెట్టిన తీరులోనే లోపం ఉందని నా అభిప్రాయం. ఇంటి షెడ్డులో పనిచేసేవారు పాత జీపును మొత్తం విప్పి మళ్లీ కట్టాలనుకోకూడదు. ముందు దాన్ని ఆపితే ఆగే, తిప్పితే తిరిగే, నమ్మకంగా నాలుగు మైళ్లు పోగలిగే స్థితికి తేవాలి. ఆ తరవాత నడుపుతూనే ఒక్కో భాగాన్ని విప్పి, బాగుచేసి, బిగించి, మళ్లీ నడిపి చూడాలి. అందం చివర్న రావాలి. ఈ మాటకు మొదటి సాక్ష్యం జీపు పుట్టుకలోనే ఉంది.

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పంపింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే తేలికపాటి బండి కావాలి. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు గీసిన బండి ఆ సెప్టెంబరులోనే సైన్యం చేతికొచ్చింది. తరవాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆ జాతి బండ్లను ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. అంత తొందరలో పుట్టింది కనుక అప్పటికే కార్లకు వాడుతున్న యాక్సిళ్లు, గేరుబాక్సుల్లాంటి వాటినే సర్దుకుని ఆ బండిని కూర్చారు. ఒక్కో భాగంగా కూర్చిన బండిని ఒక్కో భాగంగానే బాగుచేయవచ్చు. మన దేశంలో మహీంద్రా 1949లో బొంబాయిలో విడిభాగాలు తెప్పించి విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఎత్తు బానెట్టుతో కనిపించే సీజే3బి నమూనా అమెరికాలో 1968లో ఆగిపోయినా ఇక్కడ దశాబ్దాలపాటు తయారైంది. 1980ల్లో ప్యూజో డీజిల్ ఇంజనుతో ఎంఎం540 వచ్చింది. తాసీల్దారు ఆఫీసు ముందు నిలబడినవి, పోలీసు స్టేషన్లలో తిరిగినవి, పాడేరు, అరకు దారుల్లో సంతలకు జనాన్ని మోసినవి ఈ వంశంవే. ఇవాళ ఇళ్ల వెనక షెడ్లలో బాగుపడుతున్నవీ ఎక్కువగా ఇవే.

యుద్ధకాలంలో ఈ బండిని ఎవరు ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకాన్ని 1944లో అమెరికా యుద్ధశాఖ అచ్చువేసింది. దాని సంఖ్య టీఎం 9-803. అందులో మరమ్మతు పనిని అంచెలుగా పంచారు. మొదటి అంచె నడిపే మనిషిదే. బయల్దేరే ముందు, నడుస్తున్నప్పుడు, మధ్యలో ఆగినప్పుడు, తిరిగొచ్చాక, వారానికోసారి ఏమేం చూడాలో వరస రాసిపెట్టారు. టైర్లలో గాలి, ఆయిలు మట్టం, నీళ్లు కారడం, వదులైన నట్లు, చేతికి తగిలే వేడి, చెవికి వినిపించే తేడా. పెద్ద పనులు వెనక ఉన్న వర్క్‌షాపులకు పోతాయి. కష్టం వస్తే ఇంజనుకు ఇంజను, గేరుబాక్సుకు గేరుబాక్సు దించి మరొకటి ఎక్కిస్తారు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ పద్ధతి మొత్తం బండి నడుస్తూ ఉంటుందన్న నమ్మకం మీదే నిలబడింది. నడిపేవాడు రోజూ చూస్తాడు, చూసిన తేడాను చెబుతాడు, ఆ ఒక్క తేడాకే పానా పడుతుంది. ఇంటి షెడ్డుకు ఇంతకన్నా సరిపోయే పద్ధతి ఇంకొకటి నాకు తోచదు.

బండి నిర్మాణం కూడా ఇలా విడివిడిగా పనిచేయడానికే ఒదిగి ఉంటుంది. కింద నిచ్చెన ఆకారంలో ఉక్కు ఛాసిస్. దాని మీద బోల్టులతో బిగించిన రేకు బాడీ. ముందూ వెనకా గట్టి యాక్సిల్ హౌసింగులు, వాటిని మోసే కమాన్ పట్టీలు. ఇంజను వెనక క్లచ్, గేరుబాక్సు, దానికి అంటుకుని శక్తిని ముందు వెనకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, అక్కడినుంచి రెండు వైపులకూ జాయింటు షాఫ్టులు. ఇవాళ్టి కార్లలో బాడీయే ఛాసిస్; ఒక చిన్న సెన్సారు మాట వినకపోతే బండి మొత్తం మొండికేస్తుంది. జీపులో అలా కాదు. ముందు యాక్సిలు జోలికి పోకుండా వెనక బ్రేకులు పూర్తిగా బాగుచేయవచ్చు, ఇంజను దించకుండా రేడియేటరు తీసి కడగవచ్చు. ఒక ఆదివారం మొదలుపెట్టిన పని ఆ సాయంత్రానికి ముగించి బండిని రోడ్డెక్కించవచ్చు. అన్నిటినీ ఒకేసారి విప్పేస్తే ఈ సౌకర్యం పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. పది భాగాలు ఒకేసారి కొత్తవి వేసి స్టార్టు చేసినప్పుడు ఒక చప్పుడు వస్తే అది ఎవరి తప్పో తెలియదు. ఒక్కటే మార్చి నడిపితే, తేడా ఆ ఒక్కదానిదేనని తెలుస్తుంది.

మొదటి పని బ్రేకులది. పాత జీపుల్లో మాస్టర్ సిలిండరు కాళ్ల కింద, ఛాసిస్ పక్కన ఉంటుంది. బురద, నీళ్లు, దుమ్ము అన్నీ దాని మీదే పడతాయి. పైగా పాత బండ్లలో ఆయిలు దారి నాలుగు చక్రాలకూ ఒక్కటే. ఏ చక్రం దగ్గర గొట్టం పగిలినా, వాషరు చినిగినా బ్రేకు మొత్తం పోతుంది. అందుకే రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్ల వాషర్లు బాగున్నట్టు కనిపించినా మార్చేయాలి; ఏళ్లు గడిచిన రబ్బరును చూపుతో అంచనా వేయలేం. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు లోపల తుప్పు పట్టిస్తుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి ఆవిరై పెడలు మెత్తబడేలా చేస్తుంది. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది ఇందుకే. అందుబాటులో లేదని ఇంజన్ ఆయిలో, మరో నూనో పోస్తే రబ్బరు ఉబ్బిపోయి బ్రేకులు పట్టేస్తాయి. డ్రమ్ము విప్పినప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడిని గాలి కొట్టి ఎగరగొట్టకూడదు, ఊదకూడదు. మాస్కు వేసుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. మన షెడ్లలో ఈ జాగ్రత్త చాలా తక్కువ కనిపిస్తుంది, అది నాకు ఆందోళన కలిగించే విషయం.

తరవాతిది స్టీరింగు. నలభై యాభై కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ పిచ్చిగా ఊగిపోవడం పాత జీపులున్నవారికి తెలిసిన జబ్బే. చాలామంది స్టీరింగు డ్యాంపరు కొని బిగిస్తారు. ఊపు కాస్త అణుగుతుంది, కారణం అలాగే ఉంటుంది. ముందు యాక్సిలు రెండు చివర్లా గుండ్రటి గిన్నెల్లాంటి భాగాలుంటాయి. వాటికి పైనా కిందా ఉండే కింగ్‌పిన్ బేరింగుల మీదే చక్రం తిరుగుతుంది. ఆ బేరింగుల బిగువును పలచటి షిమ్ములు తీసి, వేసి సరిచేస్తారు. వదులైతే చక్రం ఊగుతుంది, మరీ బిగిస్తే స్టీరింగు బరువెక్కి మలుపు తిరిగాక వెనక్కి రాదు. స్ప్రింగు త్రాసు తగిలించి ఎంత లాగితే కదులుతోందో కొలిచి సరిచేయడం పాత మాన్యువల్ పద్ధతి, అదే సరైనది. అది చేశాక టై రాడ్ చివర్లు, వీల్ బేరింగులు, కమాన్ పట్టీల బుష్షులు, టైర్ల బ్యాలెన్సు వరసగా చూడాలి. ఇక్కడ నా వాదనకు బలమైన ఆధారం ఉంది. ఈ ఊపు జాకీ మీద ఎత్తిన బండిలో రాదు, రంగు వేసి నిలబెట్టిన బండిలోనూ రాదు. రోడ్డు మీద, ఒక వేగంలో, ఒక బరువుతో మాత్రమే బయటపడుతుంది. నడపని బండి తన రోగాన్ని చెప్పదు.

ఇంజను విషయంలో విప్పడానికి ముందు కొలవడం అలవాటు చేసుకోవాలి. పొగ వస్తోందనగానే బోరింగుకు పంపేవారున్నారు. నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే అంకె ఎంత వచ్చిందన్నదానికన్నా నాలుగింటి మధ్య తేడా ఎంతన్నది ఎక్కువ చెబుతుంది. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. సీజే3బిలోని పెట్రోలు ఇంజనుకు ఒక ప్రత్యేకత ఉంది. గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి వెళ్లే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. బానెట్టు ఎత్తు పెరగడానికి కారణం ఈ ఏర్పాటే. పైన కవరు తీసి సర్దేసి, పక్క కవరు లోపల ఉన్న ట్యాపెట్లను మరచిపోతే ఎగ్జాస్టు వాల్వులు కాలిపోతాయి. డిస్ట్రిబ్యూటరు పాయింట్ల మధ్య ఖాళీ 0.020 అంగుళం, ప్లగ్గుది 0.030, మంట వెలిగే వరస 1-3-4-2. ఈ అంకెలు ఫీలర్ గేజితో సరిచూసుకుంటే ఇంజను పోయిందనుకున్న బండ్లు చాలాసార్లు మామూలుగా స్టార్టవుతాయి. ఎంఎం540 లాంటి డీజిలు బండి అయితే పంపు, నాజిళ్లు ఇంట్లో విప్పకూడదు. వాటిని కొలిచే బెంచి ఉన్న డీజిల్ పంపు షాపుకే తీసుకెళ్లాలి.

పెట్రోలు బండ్లకు ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చింది. దేశంలో అమ్మే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్, కార్బురేటరు వాషర్లు దీనికోసం తయారైనవి కావు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని ట్యాంకులో నీరు అడుగుకు చేరి రేకును తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, డయాఫ్రమ్ వేయడం, కార్బురేటరు జెట్టు సరిచూసుకోవడం, ట్యాంకును ఏళ్ల తరబడి అలా వదిలేయకపోవడం దీనికి మందు. గేరుబాక్సులో పోసే ఆయిలుకూ ఇలాంటి శ్రద్ధే కావాలి. క్రౌన్ పినియన్‌కు పోసే జీఎల్-5 రకం ఆయిల్లో ఉండే గంధక రసాయనాలు పాత గేరుబాక్సులోని ఇత్తడి రింగులను దెబ్బతీయవచ్చు. జీఎల్-4 పోయడం క్షేమం.

ఈ పద్ధతికి ఎదురయ్యే గట్టి అభ్యంతరం తుప్పు. ఛాసిస్ లోపలినుంచి తినేసుకుపోతుంటే నడుపుతూ బాగుచేయడం ఎలా? ఇది న్యాయమైన ప్రశ్న. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పోవాలి, ముఖ్యంగా కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, వెనక అడ్డకమ్మీ దగ్గర, బాడీ కూర్చునే చోట్ల. ఖంగుమంటే సరే, మొద్దుగా మోగినా, రేకు లోపలికి దిగినా బండి రోడ్డెక్కకూడదు. అప్పుడు బాడీ దించక తప్పదు. అయినా అక్కడ కూడా గేరుబాక్సు, యాక్సిళ్లు విప్పి పెట్టాల్సిన అవసరం లేదు. బాడీ ఎత్తడానికి ముందు తలుపుల ఖాళీల దగ్గర అడ్డంగా కమ్మీలు వెల్డింగు చేయకపోతే మెత్తబడిన రేకు ఒరిగిపోతుంది, మళ్లీ కూర్చోదు. నేలరేకు పోయిన చోట కొత్త బాడీ కొనేయాలనిపిస్తుంది. పోయినంతమేర కత్తిరించి అదే మందం రేకు అతికించగల టింకరింగ్ పనివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పుట్టీ మందంగా పూసి దాచిన తుప్పు రెండు వానాకాలాల్లో బయటికొస్తుంది.

రెండో అభ్యంతరం ఇంజను మార్పిడి. పాత పెట్రోలు ఇంజనును పట్టుకుని వేలాడటం ఎందుకు, బలమైన కొత్త డీజిలు ఇంజను వేస్తే పోదా అని అడుగుతారు. రోజూ పొలానికి, తోటకు తిరగాల్సిన మనిషి అడిగే ప్రశ్న ఇది, కొట్టిపారేయలేను. కానీ ఆ బలాన్ని మోయాల్సింది పాత గేరుబాక్సు, పాత యాక్సిలు. వేగం పెరిగితే ఆపాల్సింది పాత డ్రమ్ము బ్రేకులు. ఒకటి మారిస్తే వరసగా నాలుగు మార్చాలి, చివరికి పేరొక్కటే పాతది మిగులుతుంది. చట్టం కూడా అడ్డుపడుతుంది. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనును వివరిస్తూ తేల్చింది. ఇంజను మార్చాలంటే రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు తప్పనిసరి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తున్నాయి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు లేకపోతేనే ఆ గుర్తింపు. ఆ నంబరు బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడకూడదని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. మామూలు నంబరుతోనే ఉంచుకునేవారు 15 ఏళ్ల తరవాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్ల తరగతి బండ్లకు ఆ రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును పది వేల రూపాయలు చేశారు. కాగితాలు లేని బండిని ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు.

పాత బండ్లు గాలిని పాడుచేస్తాయన్న మాట నిజమే, కాదనడానికి ఏమీ లేదు. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే, సరిగ్గా ట్యూన్ చేసిన జీపు వేరు. నల్లపొగతో రోజంతా మనుషుల్ని మోసే జీపు వేరు. మొదటిదాన్ని సమర్థిస్తాను, రెండోదాన్ని సమర్థించను. ప్రమాదం మాట కూడా అంతే. ఎయిర్ బ్యాగు లేదు, ఢీకొంటే లోపలికి ముడుచుకునే స్టీరింగు కడ్డీ లేదు. సీటు బెల్టులు గట్టి చోట బిగించుకున్నా ఇది జాతీయ రహదారి మీద వంద వేగంలో పోవాల్సిన బండి కాదు. ఇక ఖర్చు. మొత్తం విప్పినవారికి అది ఒక్కసారిగా మీదపడుతుంది. నడుపుతూ బాగుచేసేవారికి విడతలుగా వస్తుంది, ఏది అవసరమో బండే చూపిస్తుంది కాబట్టి అక్కర్లేనివి కొనరు. ఒక్కోసారి చెడిందనుకున్నది చెడిపోయి ఉండదు కూడా. ఫోర్ వీల్ వేసుకుని తారురోడ్డు మీద మలుపు తిరిగితే ముందూ వెనకా చక్రాలు తిరగాల్సిన దూరాలు వేరు, మధ్యలో ఆ తేడాను సర్దే ఏర్పాటు లేదు. అందుకే లీవరు బిగుసుకుంటుంది. అది గేరుబాక్సు రోగమనుకుని విప్పినవారున్నారు. బురదలో, ఇసుకలో మాత్రమే ఫోర్ వీల్ వాడితే ఆ మరమ్మతు ఖర్చే ఉండదు.

ఇంటి షెడ్డుకు హద్దులున్నాయి, వాటిని గౌరవించాలి. క్రాంక్ షాఫ్టు గ్రైండింగు, బోరింగు, డ్రమ్ముల స్కిమ్మింగు లేత్ మిషన్ ఉన్నచోటే చేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈ పాత బండ్ల సామాన్లు, పనితనం తెలిసిన మనుషులు దొరుకుతారు. భాగం పేరు చెప్పి కొనేకన్నా పాతదాన్ని చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు. బేరింగు మీద చెక్కిన నంబరు, వెర్నియర్‌తో తీసిన కొలత వెంట ఉంటే తప్పు సామాను రాదు. ఇంట్లో బండి కిందికి దూరే ముందు మాత్రం ఒక నియమం మరవకూడదు. జాకీ బండిని ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. గట్టి నేల మీద స్టాండ్లు, కదలకుండా చక్రాలకు దిమ్మెలు పెట్టకుండా ఎవరూ కిందికి పోవద్దు. ఇటుకలను, సిమెంటు దిమ్మెలను నమ్మవద్దు. బరువుకు ఒక్కసారిగా పగులుతాయి.

పాత జీపు గేరుబాక్సును చప్పుడు విని చెప్పగల మెకానిక్కులు ఇప్పుడు పెద్దవాళ్లయిపోయారు. వాళ్ల కొడుకులు కంప్యూటరు పెట్టి చూసే బండ్ల పనికి మళ్లారు. ఆ పెద్ద మెకానిక్కుల దగ్గరికి వెళ్లండి, పక్కన నిలబడి చూడండి, అడగండి. ఏ షిమ్ము తీశారు, ఏ ఆయిలు పోశారు, ఏ బోల్టు ఎడమచేతి మర, మీటరు ఎంతున్నప్పుడు ఏం మార్చారు, అన్నీ తారీఖులతో తెలుగులోనే ఒక నోటుపుస్తకంలో రాయండి. బండి చేతులు మారిన రోజున ఆర్‌సీతోపాటు ఆ పుస్తకాన్ని కూడా ఇచ్చి పంపండి.